ఐలయ్య పేరు మీద మూడు వారాలు

పోయిన నెల హెర్నియా ఆపరేషన్ కోసం హనుమకొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. పొద్దున పదింటికి పక్క మంచం దగ్గరికి ఒక నర్సు వచ్చి, చిన్న గాజు సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని దొర్లించసాగింది. ఊపడం లేదు, పత్తి వత్తి పేనినట్టు నెమ్మదిగా దొర్లిస్తోంది. సీసా ఉంగరానికి తగిలినప్పుడల్లా టిక్కుమని చిన్న చప్పుడు. లోపల తెల్లటి మందు పలచటి సున్నంలా తిరుగుతోంది. ఆ చప్పుడు వినగానే దుప్పటి కింద నా రెండు కాళ్ల బొటనవేళ్లు వాటంతటవే లోపలికి తిరిగాయి. అది గమనించి నవ్వుకున్నాను. ఆ చప్పుడు వింటే కాలివేళ్లు లోపలికి తిప్పాలని పదమూడేళ్ల కింద నాకు నేర్పింది సరోజన సిస్టర్.

ఆమె వరంగల్‌లోని ఒక సర్కారు దవాఖానలో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో నర్సు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేది. పొట్టి మనిషి. కళ్లద్దాలకు ఒక పుల్ల విరిగితే ప్లాస్టర్ చుట్టి పెట్టుకునేది. ఆమె గది వరండా చివర ఉండేది. గదిలో ఒక మంచం, ఒక తెర, బల్ల మీద పాత ఇంజెక్షన్ల అట్టపెట్టె ఉండేవి. ఆ పెట్టెలో రోగుల కార్డులు ఉండేవి. వాటిని ఆమె ఒక పద్ధతిలో పెట్టేది. భార్యాభర్తలిద్దరూ వైద్యానికి వస్తే ఇద్దరి కార్డులను కుట్లు వేసే నల్లదారంతో కలిపి కట్టి పడుకోబెట్టేది. ఒకరే వచ్చి, రెండోవారు రాకపోతే ఆ కార్డును పెట్టె చివర ఒంటరిగా నిలబెట్టేది. పెట్టె మూత తెరవగానే నిలబడ్డ కార్డులే కంటికి కనిపించేవి. ఇద్దరికీ రోగం పూర్తిగా నయమయ్యాక దారం తెంపేది. కంప్యూటర్లు వచ్చినా ఆమె ఆ పెట్టెను వదల్లేదు.

ఇక నా సంగతి చెప్పాలి. నెక్కొండ స్టేషన్‌కు ఆరు మైళ్ల దూరంలో మా ఊరు. తాత కాలంలో ఆ చుట్టుపక్కల పొలమంతా మాదే. నేను పెద్దవాడినయ్యే నాటికి మిగిలింది పేరు, దానితోపాటు నిటారుగా కూర్చునే అలవాటు. మేం ఉండిన కోటలాంటి గడి తలుపులను హైదరాబాద్‌లో ఎవరో హోటల్ వాళ్లు కొనుక్కుపోయారు. గోడల రాళ్లు రోడ్డు కంట్రాక్టరు తీసుకుపోయాడు. నేను వరంగల్‌లో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేరి, హనుమకొండలో రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం పెట్టాను. ఇన్ని పోయినా మా ఇంటి నియమాలు కొన్ని పోలేదు. మా ఇంటి మగవాడు ఎవరికీ తాను ముందుగా నమస్కారం పెట్టడు. లైన్లో నిలబడడు. దవాఖానకు పోడు, డాక్టరే ఇంటికి వస్తాడు. ఈ నియమాలను నేను ఎవరూ అడగకుండానే పాటించేవాణ్ని. కుర్చీకి ఆనుకోకుండా వీపు నిలబెట్టి కూర్చుంటానని ఆఫీసులో హమాలీలు నాకు 'కట్టె సారు' అని పేరు పెట్టిన సంగతి కూడా నాకు తెలుసు. అది మెచ్చుకోలు అనే అనుకునేవాణ్ని.

పెళ్లికి ఏడాది ముందు, కోల్డ్ స్టోరేజీలో ఇంకా చేరకముందు, విత్తనాల కంపెనీ పని మీద నాందేడ్ వైపు తిరిగిన రోజుల్లో నేను ఒక తప్పు చేశాను. దాని గురించి ఇంతకంటే రాయను. నెల తిరగకముందే ఒక చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. మందుల షాపులో నోటికొచ్చిన కారణం చెప్పి ఒక మలాము కొన్నాను. మూడు వారాల్లో పుండు ఆనవాలు లేకుండా మానింది. తర్వాత కొన్నాళ్లకు అరచేతుల్లో ఎర్రటి మచ్చలు వచ్చి, అవీ పోయాయి. ఎండ వేడి అనుకున్నాను. మలాము మంచిదని, నా ఒంట్లో ఉన్న రక్తం మంచిదని అనుకున్నాను. ఆ తర్వాత సుమతితో పెళ్లయింది.

పెళ్లయిన మూడేళ్లకు మొదటిసారి సుమతి కడుపుతో ఉన్నప్పుడు, బాపు అని పిలిచే మా నాన్నకు పాత పరిచయమున్న ఒక డాక్టరు ఇంటికి వచ్చి చూసేవాడు. పెద్దవయసు మనిషి, మా కుటుంబమంటే గౌరవం. రక్తపరీక్షల లిస్టు రాస్తూ, అచ్చు కాగితం మీద ఉన్న ఒక పరీక్షను పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. "ఇది మీ ఇంటికి అవసరం లేదు దొరా," అన్నాడు. ఆ కాగితం మీద అంత మర్యాదగా గీసిన గీత నాకు ఇప్పటికీ గుర్తుంది. బాపు తల పంకించాడు. నేనూ గర్వంగానే ఉన్నాను. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది.

అమ్మ అప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి, ఎవరితోనూ కాకుండా, "మల్ల మొదలైంది," అంది. మా నాయనమ్మకు నలుగురు బిడ్డలు వరుసగా అట్లాగే పోయారు. ఇద్దరు కడుపులో, ఇద్దరు పుట్టిన నెలలోపు. తర్వాత చాలా ఏళ్లకు మా బాపు పుట్టి బతికాడు. ఊరు దాన్ని శాపం అంది. మా ఇంట్లో వాళ్లు అంతకంటే దగ్గర కారణం వెతుక్కున్నారు. నాయనమ్మది మంచి కడుపు కాదన్నారు. చుట్టాలు పేరంటాలకు పిలిచేవాళ్లు కాదు. సీమంతం జరుగుతుంటే ఆమె వెనక గదిలో కూర్చునేదని చిన్నప్పుడు విన్నాను. ఇప్పుడు ఆ మాటలే మెల్లగా సుమతి వైపు తిరిగాయి. ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు. పొరుగింటి పిల్ల సీమంతానికి పిలుపు రాలేదు, అంతే.

రెండోసారి నెల తప్పాక సుమతి మాకెవరికీ చెప్పకుండా బస్తీ ఆశా కార్యకర్తతో కలిసి సర్కారు దవాఖానకు పోయింది. నాలుగో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద ఒక కాగితం పెట్టి, దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి ఉంచింది.

"చదువుండ్రి," అంది.

చదివాను. సిఫిలిస్. పాతకాలం వాళ్లు సవాయి అని గొంతు తగ్గించి చెప్పుకునే రోగం. ఆ పేరు మా ఇంట్లో ఒక కాగితం మీద, అందునా నా భార్య పేరు పక్కన ఉండడం చూసి నా నోటి నుంచి మొదట వచ్చిన మాట, "ఇది నీకెట్ల వచ్చింది?"

సుమతి ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "నేను మీ ఇంటికి వచ్చినంక ఏడికి పోయిన? మార్కెట్‌కు, గుడికి. మీరు ఏడేడికి పోయిండ్రో నేను అడుగుతలేను. మిమ్మల్ని తోల్కరమ్మన్నరు. ఈ బిడ్డ గూడ పోతె నాకు ఏ పేరు పెడ్తరో నాకెరుకే. మీరు రాకున్నా నేను సూదులు ఏసుకుంట."

నాకు ఆ పుండు గుర్తొచ్చింది. గుర్తొచ్చినట్టు ముఖంలో కనపడనివ్వలేదు. వస్తాను, కానీ నీతో కలిసి కాదు, వేరే రోజు పోతాను అన్నాను. ఇద్దరం ఒక వరండాలో కూర్చుని ఎవరికైనా కనపడడం నేను ఊహించలేకపోయాను. సుమతి మంగళవారం, నేను శుక్రవారం అని నిర్ణయమైంది.

శుక్రవారం చీటీ రాసే కౌంటర్లో గుమాస్తా తలెత్తకుండా "పేరు?" అన్నాడు. నేను నోరు తెరిచాను. మా ఇంటిపేరు, నా పేరు చెప్పబోయాను. బయటికొచ్చిన పేరు "ఐలయ్య". ఊరు అడిగితే ఏదో ఊరు చెప్పాను. పని అడిగితే కూలీ అన్నాను. పెళ్లి కాలేదన్నాను. ఐలయ్య మా ఇంట్లో ముప్పై ఏళ్లు పాలేరుగా జీతం ఉన్న మనిషి. నన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని రైలు చూపించడానికి నెక్కొండ దాకా నడిచినవాడు. అప్పటికి పోయి నాలుగేళ్లు. ఈ రోగానికి ఒక పేరు కావాలంటే ఆ క్షణాన నాకు తట్టిన పేరు అతనిదే. ఎందుకు తట్టిందని నన్ను నేను అడగలేదు.

"ఐలయ్య అన్నా, లోపలికి రా," అని పిలిచింది సరోజన సిస్టర్. కార్డు చూసింది, నా బూట్లు చూసింది. "కూలి పనికి గింత మంచి బూట్లా? ఏడ కొన్నవే?" అంది. జవాబు కోసం ఆగలేదు. నన్ను 'అన్నా' అని పిలిచిన మొదటి మనిషి ఆమే. 'దొరా' అని పిలిచేవాళ్లు, 'సార్' అని పిలిచేవాళ్లు ఉండేవాళ్లు గానీ నా జీవితంలో అంతకుముందు అన్నా అని పిలిచినవాళ్లు లేరు.

ఆమె మందు సీసాలో నీళ్లెక్కించి అరచేతుల మధ్య దొర్లించడం మొదలుపెట్టింది. ఉంగరానికి తగిలి సీసా టిక్కుమంటోంది. తర్వాత అర్థమైంది, రోగం గురించి ఆమె చెప్పేది ఎక్కువగా ఆ సీసా దొర్లే సేపట్లోనే చెప్పేది.

"ఎప్పుడన్న నొప్పి లేని పుండు అయిందా?"

"అయింది. మలాము పెట్టిన. మానింది."

"మలాముకు మానలే అన్నా. మలాము పెట్టినా మానుతది, పెట్టకున్నా మానుతది. గదే దీని మోసం. నొప్పి పెడితె మనిషి దవాఖానకు ఉరుకుతడు. గిది నొప్పి పెట్టది. పైన మాని లోపలికి పోతది. ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యది. మంచిగున్న అనుకుంటనే ఇంకొకలకు అంటిస్తడు. కడుపుల బిడ్డ ఉంటె బిడ్డకు గూడ పోతది."

"ఇది మా అసొంటి వాళ్లకు..." అని ఏదో అనబోయాను.

"గిది సూక్ష్మజీవి అన్నా. టైఫాయిడ్ ఎట్లనో గిది గట్లనే. దానికి నువ్వెవలో తెల్వది. శాపం గాదు, ఏం గాదు. మందున్నది. మా చిన్నప్పటి సంది గదే మందు, ఇంకా పనిచేస్తాంది. వారానికొక్కసారి, మూడు వారాలు, రెండు పక్కల. పండుకో, బోర్ల."

బోర్లా పడుకోవడం, అదీ ఒక ఆడమనిషి ముందు, నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. మంచం మీద కూడా నా వీపు బిగుసుకునే ఉంది. సూది దిగింది. మందు చిక్కగా ఉండడంతో ఆగి ఆగి పోతోంది.

"గంత బిగుసుకోకు. నువ్వు బిగవడితె సూది బందయితది, మల్ల పొడవాలె. కాళ్ల యేళ్లు లోపలికి తిప్పు. ఆఁ, గట్ల. ఇగ ఎంత బిగవడ్దామన్నా నడుముకు చేతగాదు."

నిజమే. బొటనవేళ్లు ఒకదానికొకటి చూసేలా తిప్పితే నడుము దానంతటదే వదులవుతుంది. ముప్పై ఏళ్లకు పైగా నేను వదలని బిగువును ఆమె ఒక్క మాటతో వదిలించింది. అరగంట బయట కూర్చోబెట్టి, మందు పడుతోందో లేదో చూసి పంపించింది.

రెండో శుక్రవారం ఆమె సీసా దొర్లిస్తుంటే నేనే అడిగాను. వారమంతా నన్ను వదలని ప్రశ్న అది.

"సిస్టర్, బిడ్డలు వరుసగ పోయి, చానా ఏండ్లకు ఒక బిడ్డ బతుకుడు... అట్ల అయితదా దీంతోటి?"

సీసా ఆగింది. మళ్లీ దొర్లింది. "అయితది. మొదట్ల రోగం జోరుగుంటది, బిడ్డలు నిలవరు. ఏండ్లు గడిచినాకొద్ది జోరు తగ్గుతది, ఎనకటి బిడ్డలు మంచిగ పుట్టొచ్చు. ఎవలకైంది?"

"మా నాయనమ్మకు. తాత కూడా చివరికి కాలు ఈడ్చుకుంట నడిచేటోడు, మతి ఉండకపోయేది. గుర్రం మీదికెళ్లి పడ్డడని గడిల అందరు అనేటోళ్లు..."

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. కూలీవాడి తాతకు గుర్రం, గడి. సిస్టర్ నా వైపు చూడకుండా సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"రక్తం పరీక్ష చెయ్యకుంట గదే అని నేను చెప్పలేనన్నా. సచ్చిపోయినోళ్ల మీద నేను రోగం రాయ. గని ఒక్కటి చెప్త. బిడ్డలు పోతె తల్లిని అంటరు గదా, ఆ తల్లికి యాడికెళ్లి వచ్చిందో ఒక్కలు అడుగరు. పండుకో."

ఆ రోజు ఇంజెక్షన్ తర్వాత బయట అరగంట కూర్చున్నప్పుడు, వెనక గదిలో కూర్చున్న నాయనమ్మను నేను మొదటిసారిగా ఒక రోగి అయిన ఆడమనిషిగా ఊహించుకున్నాను. అప్పటిదాకా ఆమె నాకు మా ఇంటి శాపం కథలో ఒక పాత్ర మాత్రమే.

ఈ మధ్యలో ఇంట్లో పరిస్థితి మారింది. నేను మందు తీసుకుంటున్నానని సుమతికి చెప్పాను. ఆమె మంగళవారం పోయి ఆ మాటే చెప్పింది. విఠల్‌రావు, అంటే నా పేరున్న మనిషి, ఇక్కడికి రాలేదని అక్కడ చెప్పారట. సుమతి ఇంటికొచ్చి ఆ ఒక్క మాట చెప్పింది. తన దిండు తీసుకుని పక్క గదిలోకి పోయింది. నేను అబద్ధం ఆడుతున్నానని నిర్ధారించుకుంది. నేను అబద్ధమే ఆడుతున్నాను, కానీ ఆమె అనుకున్న అబద్ధం కాదు. ఆ తేడా చెప్పాలంటే ఐలయ్య సంగతి చెప్పాలి. చెప్పలేదు. ఇంకొక్క శుక్రవారం అయిపోతే ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని అనుకున్నాను.

మూడో శుక్రవారం సిస్టర్ కార్డు వెతకడానికి అట్టపెట్టె తెరిచింది. పెట్టె చివర ఒకే ఒక కార్డు నిలబడి ఉంది. దూరం నుంచే సుమతి పేరు చదవగలిగాను.

సీసా దొర్లుతోంది. నేను అప్పటికే బోర్లా పడుకున్నాను, కాలివేళ్లు తిప్పి పెట్టాను.

"ఆ నిలవడ్డ కార్డు ఎవరిది?" అన్నాను. ఎందుకడిగానో తెలియదు.

"ఒక బిడ్డది. ఐదో నెల. మొదటి బిడ్డ కడుపులనే పోయింది. పెనిమిటి వచ్చిండు, మందు ఏసుకుంటాండు అంటది. రాలే. పెద్దింటోళ్లంట. పెద్దిండ్లల్ల రోగాలు ఆడోళ్లకే వస్తయ్, మగోళ్లకు రావు." నవ్వింది. ఆ నవ్వులో కోపం కూడా లేదు. అలవాటైపోయిన మాట. "గా బిడ్డకు నేను మంచిగ మందు ఏసిన. గని ఆయన ఒంట్ల రోగం ఉంటె ఆమెకు మల్ల అంటుతది, బిడ్డకు పోతది. కార్డు మీద పెనిమిటి మందు తీసుకోలే అని ఉంటె, బిడ్డ పుట్టినంక డాక్టర్లు నమ్మరు. నెత్తురు గుడ్డు అసొంటి పసిబిడ్డకు పది రోజులు సూదులు పొడుస్తరు. ఎవలి పుణ్యాన? ఒక్క మనిషి సిగ్గు పుణ్యాన."

సూది దిగింది. మందు నెమ్మదిగా పోతోంది.

"ఆయన వచ్చిండు సిస్టర్," అన్నాను. నా ముఖం దిండులో ఉంది.

"ఎప్పుడు?"

"మూడు శుక్రవారాలు. వరుసగ."

ఆమె చెయ్యి ఆగలేదు. మందు చివరి బొట్టు దాకా అదే వేగంతో ఎక్కించింది. రెండో పక్క కూడా పూర్తి చేసింది. దూది పెట్టి అదిమింది. అప్పుడు, "లేచి కూసో. పేరు చెప్పు," అంది.

చెప్పాను.

"నాకు గాదు. చీటీ మారకుంట నేను కార్డు మీద పేరు మార్చద్దు. బయట కౌంటర్ల చెప్పాలె. చీటీ అక్కడనే మార్చాలె."

కౌంటర్ ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. నేను లైన్ తప్పించి పక్క నుంచి కిటికీ దగ్గరికి పోబోయాను. సిస్టర్ తలుపు దగ్గర నుంచే చూస్తోంది. వెనక్కి వచ్చి చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. గుమాస్తా చీటీ చూసి, "ఐలయ్య కాదా? మరి ఎవలు?" అన్నాడు. ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను. తండ్రి పేరు అడిగాడు, చెప్పాను. ఊరు అడిగాడు, చెప్పాను. భార్య పేరు అడిగాడు. చెప్పాను. ఏ విభాగమని అడిగాడు. కిటికీ పైనే రాసి ఉంది, అయినా అడిగాడు. చెప్పాను.

అతను తలెత్తాడు. "నెక్కొండ దిక్కు దొరలోళ్లేనా? మా మేనత్తది మీ ఊరే."

వెనక ఎవరో ముసలాయన, "ఓహో, దొరకు గూడ లైన్ ఉన్నదా! మంచిగుంది," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకామె "ఊకో తాత, రోగమొచ్చిన మనిషిని జూసి నవ్వుతవా," అని ఆయన్ని కసిరింది. నేల ఏమీ చీలిపోలేదు. గుమాస్తా నా చీటీ మీద ముద్ర వేసి, నా వెనక మనిషిని "పేరు?" అన్నాడు.

గదిలోకి తిరిగొచ్చాక సిస్టర్ కార్డు మీద 'ఐలయ్య' అనే పేరును ఒకే ఒక గీతతో కొట్టేసి, పైన నా పేరు రాసింది. పూర్తిగా చెరిపేస్తే బాగుంటుందన్నాను.

"దవాఖాన కాగితం మీద చెరుపుడు ఉండది. కొట్టేసుడే. కింద ఏమున్నదో కనవడాలె." తర్వాత అడిగింది, "ఐలయ్య ఎవలు?"

"మా ఇంట్ల జీతం ఉండేటోడు."

"ఉన్నడా?"

"పోయిండు. నాలుగేండ్లయింది."

ఆమె నల్లదారం తీసి రెండు కార్డులను కలిపి కట్టింది. ముడి బిగిస్తూ, "పాపం, సచ్చినంక గూడ మీ ఇంటి పని చేయిస్తాండ్రు ఆయనతోటి," అంది.

నన్ను జీవితంలో చాలామంది తిట్టారు. పొలాలు పోయాక ఊళ్లో ముఖం మీదే అన్నవాళ్లున్నారు. ఏదీ ఆ మాటంత లోతుకు పోలేదు. ఆమె తిట్టినట్టు కూడా అనలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. నేను కూలీని కాదని ఆమెకు మొదటి రోజు బూట్లు చూసినప్పుడే తెలుసా, గడి అన్నప్పుడు తెలిసిందా, ఆ నిలబడ్డ కార్డు గురించి కావాలనే నాకు వినిపించేట్టు చెప్పిందా, ఇవేవీ నేను అడగలేదు. అడిగినా చెప్పి ఉండేది కాదు.

ఆ సాయంత్రం సుమతికి అంతా చెప్పాను, నాందేడ్ నుంచి మొదలుపెట్టి. ఆమె వింటూ కూరగాయలు తరిగింది. చివరికి, "ఐలయ్య పేరెందుకు చెప్పిండ్రు? పోయే ముందట, మన పెండ్లినాడు నాకు చీర పెట్టిండు గదా ఆయన," అంది. అంతే అంది. దిండు మాత్రం బిడ్డ పుట్టేదాకా పక్క గదిలోనే ఉంది. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు. అది నేను సంపాదించుకున్నదే.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. డాక్టర్లు రెండు కార్డులనూ చూసి, బిడ్డ రక్తం చూసి, జాగ్రత్త కోసం ఒక్క ఇంజెక్షన్ వేసి పంపించారు. పది రోజుల సూదులు అవసరం పడలేదు. ఆ తర్వాత మా ఇద్దరికీ మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి రక్తపరీక్షలు. సిస్టర్ ఆ అంకెలను కార్డు మీద ఒకదాని కింద ఒకటి రాసేది. ముప్పై రెండు, ఎనిమిది, రెండు. ల్యాబులో రక్తాన్ని సగానికి సగం పలచన చేసుకుంటూ పోతారని, ఎంత పలచన చేసినా జాడ కనిపిస్తే రోగం అంత బలంగా ఉన్నట్టని, అంకె పడిపోతుంటే మందు గెలుస్తున్నట్టని చెప్పింది. ఏడాది పరీక్ష అయిన రోజు సుమతి, నేను కలిసే పోయాం, ఒకే బెంచీ మీద కూర్చున్నాం. సిస్టర్ దారాన్ని కత్తెరతో తెంపింది.

"ఇగ రోగం పోయింది. గని యాదుంచుకోండ్రి, ఇంకో తీరు పరీక్ష ఉంటది. అది జన్మంతా ఉన్నదనే చూపెడ్తది. భయపడొద్దు. అది రోగం గాదు, రోగం వచ్చి పోయిన గుర్తు. గా గుర్తు ఉన్నది గదా అని మల్ల రాకుంట ఉండది. మల్ల తప్పు చేస్తె మల్ల వస్తది. ఇంటన్నవా విఠల్‌రావు అన్నా?"

బాపుకు చెప్పడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. తాత గురించి, నాయనమ్మ గురించి సిస్టర్ చెప్పిన మాట, ఆమె ఎంతవరకు చెప్పిందో అంతవరకే, రోగం పేరు పెట్టి చెప్పాను. బాపు గోడ మీద తాత ఫొటో వైపు చూడలేదు. "మా అమ్మను నా పెండ్లిల గూడ వెనక అర్రలనే కూసోవెట్టిండ్రు. నేను గూడ ఏమనలే," అన్నాడు. ఆ తర్వాత ఆ ప్రస్తావన మళ్లీ తేలేదు. కొన్నాళ్లకు పెట్టెలో ఉన్న నాయనమ్మ ఫొటోకు కొత్త చట్రం కట్టించి తాత ఫొటో పక్కన వేలాడదీశాడు. కొలత సరిగ్గా చూసుకోలేదేమో, ఆమెది కొంచెం పైన ఉంది. ఎవరమూ సరిచేయలేదు.

సరోజన సిస్టర్‌ను దవాఖాన బయట ఒక్కసారే చూశాను. వరంగల్ స్టేషన్లో ఒకటో ప్లాట్‌ఫారం మీద టిఫిన్ సంచితో ఘన్‌పూర్ బండి కోసం నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని మా అమ్మాయి ఉంది. సిస్టర్ నన్ను చూసింది. చూసి, గుర్తుపట్టనట్టే ముఖం తిప్పుకుంది. అది ఆమె నియమం. బయట ఎదురైన రోగిని ఆమె ముందుగా పలకరించేది కాదు, పలకరిస్తే పక్కవాళ్లు ఎట్లా తెలుసని అడుగుతారని. రోగి పలకరిస్తేనే మాట్లాడేది. మా ఇంట్లో ఎవరూ చేయని పని, రెండు చేతులూ జోడించాను. "నమస్తే సిస్టర్. నేను విఠల్‌రావును," అన్నాను.

"అయ్యో అన్నా, నువ్వా! కండ్లద్దాలు మసకైనయ్," అంది, అద్దాలు తుడవకుండానే. అమ్మాయిని దగ్గరికి తీసుకుని "నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది. అమ్మాయి బడిలో చెప్పినట్టు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. సిస్టర్ నా వైపు చూసి, "మీ అయ్య కన్న నువ్వే నయం. ఒక్కసారి అడిగితెనే చెప్పినవ్," అంది. బండి వచ్చింది. కిందటి ఎండాకాలం దవాఖానకు పనిమీద పోతే, ఆమె రిటైరైన ఏడాదికే పోయిందని అక్కడి అటెండరు చెప్పాడు. ఆ అట్టపెట్టె ఏమైందని అడిగితే అతనికి తెలియదు.

నర్సింగ్ హోమ్‌లో ఆ సీసా చప్పుడు విన్న రోజు మధ్యాహ్నమే ల్యాబు నుంచి ఒక అబ్బాయి కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఆపరేషన్ ముందు అందరికీ చేసే పరీక్షలు. నా మంచం దగ్గర సుమతి, అమ్మాయి కూర్చుని బత్తాయిలు వలుస్తున్నారు. అబ్బాయి వాళ్లను చూసి తడబడ్డాడు. వంగి, నా చెవి దగ్గర గొంతు తగ్గించి, "సార్, ఒక టెస్టు పాజిటివ్ అని చూపిస్తోంది. బహుశా పేర్లు మారిపోయి ఉంటాయి సార్. వేరేవాళ్ల శాంపిల్ అయ్యుంటుంది. మీకు ఉండదు కదా, మళ్లీ తీయమంటారా?" అన్నాడు. అతని గొంతులో నాకు బాగా తెలిసిన మర్యాద వినిపించింది, లిస్టు మీద పెన్నుతో గీత గీసిన మర్యాద.

సుమతి బత్తాయి వలవడం ఆపి నన్ను చూసింది. నేను కాగితం తీసుకుని పైన ఉన్న పేరు చదివాను. ఇంటిపేరు, నా పేరు, తండ్రి పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉన్నాయి.

"పేరు మారలేదు బాబూ," అన్నాను, పక్క మంచం దాకా వినపడే గొంతుతో. "ఎప్పుడో వచ్చి నయమైపోయిన రోగం. అది నాదే."